అక్క చదివి చెప్పిన రిపోర్టు

టైపు గది, ఎముకల విభాగం
జూన్ 4

శ్రీమతి నిచ్చెనమ్మ గారికి,

అక్క దీవించి రాయునది. నవ్వకు, నిచ్చెనలెక్కి ఊళ్ళో గోడలన్నిటికీ రంగులేసే దాన్ని ఇంకేమని పిలవాలి?

ఈ ఉత్తరంతో పాటు ఒక పాత నోటుపుస్తకం పంపుతున్నాను. అది నీకు కాదు, నువ్వు దాని మీద రంగు డబ్బాలు పెడతావు. పిచ్చుకకి ఇవ్వు, వాళ్ళమ్మ పంపిందని చెప్పు. పరీక్ష కోసం నేను రాసుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. ఎముకలవి, కండలవి, కీళ్ళవి. కొత్త పుస్తకంలోకి శుభ్రంగా ఎక్కించుకున్నాను కాబట్టి ఇది ఇక దాని సొత్తు. పదేళ్ళ పిల్లకి ఇవేం ఆటలే అంటావేమో. పుట్టుకతోనే కండల్లో బలం లేని పిల్ల, పరిగెత్తే ఆటలు ఎలాగూ లేవు. ఇదైనా ఆడుకోనీ.

ఆట ఎలాగో చెప్పు దానికి. ఎంత పొడుగు మాట కనబడ్డా జడుసుకోకూడదు, ముక్కలు చెయ్యాలి. మొదటి ముక్క ఎక్కడో చెబుతుంది, చివరి ముక్క ఏమైందో చెబుతుంది. ‘ఆస్టియో’ అంటే ఎముక. ‘మయో’ అంటే కండ. ‘ఆర్థ్రో’ అంటే కీలు. చివర ‘ఐటిస్’ వస్తే వాపు, ‘ఆల్జియా’ వస్తే నొప్పి. ఇక ‘మయాల్జియా’ ఏమిటో దాన్నే చెప్పమను. నేను పొద్దస్తమానం చెవులకి గొట్టాలు తగిలించుకుని పెద్ద డాక్టర్ గారు టేపులో చెప్పిన రిపోర్టులు వింటూ టైపు కొడతాను కదా, ఆయన ప్రతి మాటలో సగం మింగేస్తారు. మింగిన సగం ఏమిటో ఈ ముక్కల వల్లే నాకు తెలుస్తుంది.

పరీక్ష డిసెంబర్‌లో. గట్టెక్కానంటే ఉద్యోగం ఖాయమవుతుంది. కింది అంతస్తులో క్వార్టర్స్ ఇస్తారు. పిచ్చుకకి ఇక్కడే రోజూ వైద్యం చేయించొచ్చు. ఈ హాస్టల్లో పిల్లల్ని గుమ్మం కూడా తొక్కనివ్వరు, నీకు తెలుసు. వాళ్ళ నాన్న పోయాక నాకున్న దారి ఇదొక్కటే. ఈ ఆరు నెలలూ దానికి అమ్మవి నువ్వే, కాళ్ళు నువ్వే. నీ రుణం ఎలా తీర్చుకుంటానో నాకే తెలీదు.

మీ అక్క


మూడో అంతస్తు
జూలై 2

ఎముకల పంతులమ్మకి,

ఎంత పని చేశావే తల్లీ! ఇల్లు ఆసుపత్రి అయిపోయింది. కింద వాటా ఆయన నడుం పట్టేసిందని మెట్ల మీద మూలుగుతుంటే నీ కూతురు నా వీపు మీంచే, "మయాల్జియా అండీ, కంగారు పడకండి, పది రోజుల్లో పోతుంది" అని చెప్పేసింది. నిజంగానే పోయింది. మర్నాడు ఆయన వాళ్ళావిడ మోకాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఇక రేపో మాపో బోర్డు రాసి తగిలించాలి, రంగులు ఎలాగూ నా దగ్గరే ఉన్నాయి.

బడికి వారానికోసారి వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ వస్తుందని చెప్పాను కదా, ఆవిడ కూడా ఆశ్చర్యపోయింది. "ఇవన్నీ ఎవరు నేర్పారు?" అంటే, "మా అమ్మ ఉత్తరాల్లో నేర్పుతుంది" అంది. ఆ చెప్పడం చూడాలి, మొహం ఇంతయింది.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ళ క్రితం నిచ్చెన మీంచి పడి ఎడమ తొంటి కీలు జారితే మళ్ళీ ఎక్కించారు కదా, ఆ వైపే. గజ్జల్లో మొదలై మోకాలి దాకా లాగేస్తోంది. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి ఇక్కడి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. స్కాన్ తీశారు. తీసే లోపల ఆ డాక్టర్‌కి బదిలీ అయిపోయింది, కొత్తాయన ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. కౌంటర్లో అమ్మాయి కవరు చేతిలో పెట్టి, "ఎవరికైనా చూపించుకోండి" అంది. "ఎవరికో ఎందుకమ్మా, మా అక్క పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టర్ గారి దగ్గరే పని చేస్తుంది" అని గొప్పగా చెప్పి వచ్చాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదేగా.

మన ఇంట్లో ఎవరి ఒంటి తాలూకు కాగితమైనా నీ దగ్గరికి రావడం, నువ్వు దాన్ని మన మాటల్లో రాసి పంపడం మామూలే. నాన్న గుండె కాగితం అలాగే చదివాం, పిచ్చుక కండ ముక్క పరీక్ష అలాగే చదివాం. రిపోర్టూ, ఫిల్మూ జత చేస్తున్నాను. మీ పెద్దాయనకి చూపించు.

నేను తెలుసుకోవాల్సింది ఒక్కటే. పిచ్చుకని వీపున వేసుకుని నలభై రెండు మెట్లు, రోజుకి దిగడం ఒకసారి, ఎక్కడం ఒకసారి. మొయ్యొచ్చా, మొయ్యకూడదా? అది చెబితే చాలు.

నీ చెల్లెలు


టైపు గది
జూలై 29

చెల్లాయ్,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ ఒక టైపిస్టు సెలవు పెట్టింది, రెండు కుర్చీల పని నా నెత్తిన పడింది.

నీ రిపోర్టు పెద్ద డాక్టర్ గారికి చూపించాను. విను. తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది, అది తొంటి గిన్నెలో తిరుగుతుంది. నీకు ఎడమ వైపు ఆ తలకి రక్తం సరిగ్గా అందడం లేదని రాశారు. అప్పుడు పడిన దెబ్బ వల్లే. ఎముక గుండ్రంగానే ఉంది, ఎక్కడా విరగలేదు. కాల్షియం మాత్రలు వేసుకో. వేడినీళ్ళ కాపడం పెట్టు. వీలు దొరికినప్పుడల్లా కూర్చో, నువ్వు కూర్చోవుగా, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

మొయ్యడం గురించి అడిగావు. మెల్లిగా, కమ్మీ పట్టుకుని ఎక్కితే ఫర్వాలేదు. అలవాటైన బరువే కదా.

మా హాస్టల్ గదిలోకి కొత్తగా ఒకావిడ వచ్చింది, నిద్రలో పాఠాలు అప్పజెబుతుంది. మంచం కిర్రుమంటే లేచి కూర్చుని "తప్పా?" అంటుంది. నవ్వలేక చస్తున్నాం. పిచ్చుకకి కొత్త ముక్కలు: ‘పటెల్లా’ అంటే మోకాలి చిప్ప, ‘స్కాపులా’ అంటే రెక్క ఎముక. దానికి రెక్క ఎముకలు ఉన్నాయని చెప్పు, సంతోషిస్తుంది.

రిపోర్టు వెనక్కి పంపుతున్నాను, భద్రంగా పెట్టుకో. నువ్వు ఆరోగ్యంగా ఉండాలి.

మీ అక్క


మూడో అంతస్తు
సెప్టెంబర్ 13

అక్కా,

నీ ఉత్తరం చదివాక గుండెల మీద బరువు దిగిపోయింది. నేను పిచ్చిదాన్ని, ఏవేవో ఊహించుకున్నాను. ‘ఫర్వాలేదు’ అన్న మాట రెండుసార్లు చదివి, ఆ సాయంత్రం పిచ్చుకని ఎత్తుకుని పాట పాడుకుంటూ మెట్లెక్కాను.

కాకపోతే పాట ఇప్పుడు లేదు. ఒక బడిలో వరండాల పైకప్పుకి రంగు వేస్తున్నాం, రోజంతా నిచ్చెన మీదే. ఎడమ కాలు మీద బరువు వేస్తే లోపల ఏదో కరకరమంటోంది. మేస్త్రి చూసి, "ఏవమ్మా, నడకలో తాళం వేస్తున్నావు" అన్నాడు. "సరదాకి" అన్నాను. కాపడం పెట్టి పెట్టి తోలు కమిలింది గానీ నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోతున్నాను, పిచ్చుకే తొడుగుతోంది. దాని చేతుల్లోనే బలం లేదు, పట్టీ పెట్టడానికి పది నిమిషాలు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని చెయ్యలేకపోతున్నాం, ఏం జంటే బాబూ!

పిల్ల బరువు పెరిగింది. పెరగాలి కూడా, తినకపోతే తిడతాను. మెట్ల మలుపులో రెండుసార్లు ఆగుతున్నాను. అది వీపు మీంచి "పిన్నీ, నొప్పా?" అంటుంది. లేదంటాను.

పెద్ద డాక్టర్ గారిని ఇంకోసారి అడగవే. పోనీ నేనే వద్దామంటే రానూ పోనూ రెండు రోజులు, పిచ్చుకని ఎవరు చూస్తారు? నువ్వు రమ్మంటే మాత్రం ఏదో ఒకటి చేసి వస్తాను.

నీ చెల్లెలు


టైపు గది
అక్టోబర్ 5

చెల్లాయ్,

హడావిడిలో నాలుగు ముక్కలు. డాక్టర్ గారు ఊళ్ళో లేరు, ఎప్పుడొస్తారో చెప్పలేదు. నొప్పి మాత్ర పేరు చీటీ మీద రాసి పెట్టాను, ఏదైనా తిన్నాక వేసుకో. తొంటికి కట్టుకునే పట్టీ ఒకటి పార్సెల్‌లో పంపుతున్నాను.

ఇప్పుడు ప్రయాణం పెట్టుకోకు. రెండు రోజులు బస్సులో కూర్చుంటే ఉన్న నొప్పి ఎక్కువవుతుంది. డిసెంబర్ దాకా ఓపిక పట్టు. పరీక్ష కాగానే నేనే వచ్చి నిన్ను దగ్గరుండి తీసుకొచ్చి చూపిస్తాను. రెండు నెలలు ఎంతలో తిరిగొస్తాయి?

పిచ్చుకకి ఈసారి ముక్కలు రాయలేదు. తీరిక లేదని చెప్పు.

మీ అక్క


మూడో అంతస్తు
నవంబర్ 12

అక్కకి,

క్షేమం అడగడం లేదు. చదువు.

మొన్న ఆదివారం వాన. పిచ్చుకకి తోచక నీ నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంది. అందులో మాటలన్నీ అయిపోయాయి, ఇంకా పెద్దవి కావాలని ఒకటే గోల. నేను గిన్నెలు కడుగుతూ, "బీరువాలో నా స్కాన్ కాగితం ఉంది, దాన్ని తీసి ముక్కలు చేసుకో పో" అన్నాను. నేనే అన్నాను. కాసేపు పాటలా వినిపించింది. ఫిమోరల్ అంటే తొడ ఎముకది, హెడ్ అంటే తల. తర్వాత గొంతు ఆగిపోయింది. "అయిపోయిందా?" అని కేకేశాను. వెళ్ళి చూస్తే పుస్తకం ఒళ్ళో, కాగితం చేతిలో, పిల్ల వేలు ఒకే మాట మీద ఆగి ఉంది.

"పిన్నీ, ‘ఎ’ అంటే లేకపోవడం. ‘వాస్క్యులర్’ అంటే రక్తనాళాలది. ‘నెక్రోసిస్’ అంటే చచ్చిపోవడం. అమ్మ రాతే, చూడు. నీ ఎముక చచ్చిపోతోందా?" అంది.

నేను నవ్వాను అక్కా. దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "మీ అమ్మ పెద్ద డాక్టర్‌కి చూపించిందే గుంటా, నీకేం తెలుసు?" అన్నాను. నీ ఉత్తరం తెచ్చి చదివి వినిపించాను కూడా. అది రెండూ పక్కపక్కన పెట్టి, వేలితో వరస వరసా చూసుకుంటూ వచ్చింది. "పిన్నీ, ఇక్కడ కింద ఇంకో రెండు వరసలున్నాయి. అమ్మ ఉత్తరంలో ఇవి లేవు" అంది.

మంగళవారం వ్యాయామాల డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ తేదీ చూసింది. నన్ను చూసింది. "నాలుగు నెలల నుంచీ ఈ కాలితో నడుస్తున్నారా? పిల్లని ఇంకా మోస్తున్నారా?" అంది. ఆ రెండు వరసల్లో ఏముందో ఆవిడే చెప్పింది. ఆ కాలి మీద బరువు పెట్టకూడదట. ఎముక తల కుంగిపోయేలోపు దానికి సన్నగా రంధ్రం చేస్తే లోపల ఒత్తిడి తగ్గి మళ్ళీ రక్తం పారే అవకాశం ఉంటుందట. "జూలైలో చేయించి ఉంటే నిలబడే ఎముకేమో ఇది. మీకు ఎవరూ చెప్పలేదా?" అంది. ఏం చెప్పమంటావు? మా అక్క చదివి చెప్పిందండీ అని చెప్పనా? తలొంచుకుని వచ్చేశాను. తప్పు చేసినదానిలా నేను తలొంచుకున్నాను చూడు, అదీ నా బతుకు.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఫోన్‌లో మాట్లాడుకుంటే ఏడుపొస్తుంది, ఉత్తరాలే నయం అనేదానివి. ఇప్పుడు అర్థమైంది ఎందుకు నయమో.

ఆదివారం నుంచీ పిచ్చుక నా వీపు ఎక్కడం లేదు. మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుకుంటూ దిగుతోంది. బడి గంట కొట్టాక చేరుతోంది. ఎక్కేటప్పుడు కింద వాటా ఆయన ఎత్తుకొస్తున్నాడు. "నన్ను మోసే కదా పిన్నీ ఇలా అయింది?" అంటోంది. దానికి ఏం చెప్పాలో నీకు తెలిస్తే రాసి పంపు.

నేను ఒక్కటే అడుగుతున్నాను. ఆ వరసలు నీకు అర్థం కాక వదిలేశావా, తెలిసే వదిలేశావా? అర్థం కాలేదని రాస్తే నమ్ముతాను. నమ్మాలనే ఉంది.


టైపు గది
నవంబర్ 19

చెల్లీ,

అర్థమైంది. మొదటిసారి చదివినప్పుడే అర్థమైంది.

నీ కవరు వచ్చిన రోజే పెద్ద డాక్టర్ గారికి చూపించాను, అది అబద్ధం కాదు. ఆయన ఫిల్ము కిటికీ వైపు పట్టుకుని చూశారు. "ఎవరీవిడ?" అన్నారు. మా చెల్లెలండీ అన్నాను. "ఈ నెలలోనే తీసుకురామ్మా. ఎముక ఇంకా గుండ్రంగా ఉంది. కాలు కింద పెట్టనివ్వకు, ఆలస్యమైతే కుంగిపోతుంది" అన్నారు. నీ పేరున ఒక మంచం రాయించారు కూడా. ఆ కాగితం టైపు కొట్టింది నేనే. ‘రోగి రాలేదు’ అని నెల తర్వాత దాని మీద కొట్టింది కూడా నేనే.

నువ్వొస్తే ఆపరేషన్, తర్వాత రెండు నెలలు చంకకర్రలు. పిచ్చుకని ఎవరు మోస్తారు? నేనే రావాలి. వస్తే పరీక్ష పోతుంది, రెండేళ్ళ చదువు పోతుంది, క్వార్టర్స్ పోతుంది, దాని వైద్యం పోతుంది. మూడు వారాలు రోజూ ఉత్తరం రాశాను, రోజూ చింపాను. ఒక ఉత్తరంలో అంతా ఉన్నదున్నట్టు రాసి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ తర్వాత నీకు అందిన ఉత్తరం రాశాను. డిసెంబర్ దాకా నిలబడకపోతుందా అనుకున్నాను. ఇలాంటి రిపోర్టులు వందలు కొట్టిన దాన్ని, బరువు మోస్తే ఆ ఎముక ఎన్నాళ్ళుంటుందో నాకు తెలీదా? తెలిసే అలా అనుకున్నాను.

నీకు రాసినదాంట్లో ప్రతి మాటా చూసి చూసి పెట్టాను. రక్తం అందడం లేదన్నాను, చచ్చిపోతోందని అనలేదు. విరగలేదన్నాను, విరుగుతుందని అనలేదు. నేను నిన్ను దోచుకున్నది అలా. ‘ఫర్వాలేదు’ అన్నది మాత్రం పచ్చి అబద్ధం.

రిపోర్టు చింపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చింపలేకపోయాను. ఎందుకో నన్నడగకు.

పిచ్చుకకి చెప్పు, దాని బరువు వల్ల కాదు, వాళ్ళమ్మ వల్ల అని. అది నన్ను అసహ్యించుకున్నా సరే, తన వల్ల అనుకోకూడదు. నిన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను, తోడబుట్టినదాన్ని కాబట్టి.

అక్క


మూడో అంతస్తు
నవంబర్ 30

అక్కకి,

కుంగిపోయింది. మళ్ళీ స్కాన్ తీశారు.

నువ్వు రాసిందంతా చదివాను. పిచ్చుక గురించి నువ్వు పడ్డ భయం నాకు అర్థం కాదనుకోకు. నువ్వు కన్నావు, నేను మోశాను. ఒక్కటి చెప్పు, నన్నెందుకు అడగలేదు? చెల్లీ, నీ కాలు ఇదీ పరిస్థితి, నా పరీక్ష ఇదీ పరిస్థితి, ఏం చేద్దాం అని ఒక్క ముక్క రాసి ఉంటే నేనే అనేదాన్నేమో, పోనీలే అక్కా, డిసెంబర్ దాకా లాగుతానులే అని. అనేదాన్నే, నా సంగతి నీకు తెలుసు. లేదా ఇద్దరం ఇంకో దారి వెతికేవాళ్ళం. కింద వాటా ఆయన మూడు వారాల నుంచీ పిల్లని ఎత్తుకొస్తున్నాడు, ఎవరూ బతిమాలలేదు. జూలైలో అడిగినా ఎత్తేవాడు. నా కాలు నేను ఇస్తే ఇచ్చేదాన్ని. నువ్వు తీసేసుకున్నావు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటుండేది. ఎవరి గురించో అనుకునేదాన్ని.

పిచ్చుకకి నువ్వు చెప్పమన్నది చెప్పాను. విని నోటుపుస్తకం నా చేతికిచ్చింది. దాచమందో, పారెయ్యమందో చెప్పలేదు. నీ పేరెత్తితే గోడ వైపు తిరుగుతోంది. అలా తిరగొద్దని నేనే బతిమాలుతున్నాను, చూడు నా ఖర్మ.

ఆపరేషన్ డిసెంబర్ 18న, ఇక్కడికి దగ్గరి ఆసుపత్రిలోనే. మీ దగ్గరికి రాను. నువ్వు పదిహేనుకల్లా వచ్చి పిల్ల దగ్గర ఉండాలి. పిల్ల కోసమే రా, నా కోసం వద్దు.

కొత్త రిపోర్టు నకలు పంపుతున్నాను. ఇక్కడి డాక్టర్ గడగడా చెప్పాడు, సగం నా బుర్రకెక్కలేదు. చదివి రాయి. ఒక్క ముక్క వదలకు, తియ్యగా చెయ్యకు.

నీ చెల్లెలు


టైపు గది
డిసెంబర్ 5

చెల్లీ,

వరసగా రాస్తున్నాను.

మొదటి వరస. ఎడమ తొడ ఎముక తల చచ్చిపోయింది, నాలుగో దశ. మొత్తం దశలు నాలుగే. జూలైలో రెండో దశ.

రెండో వరస. ‘సబ్‌కాండ్రల్ కొలాప్స్’. ‘సబ్’ అంటే కింద, ‘కాండ్రో’ అంటే కీలు మీద ఉండే నున్నటి పొర. ఆ పొర కింద ఎముక కుంగి, తల చదునైపోయింది. మళ్ళీ గుండ్రం కాదు. రంధ్రం చేసే ఆపరేషన్ ఇక పనికిరాదు.

మూడో వరస. ‘అసిటాబ్యులం’ అంటే తొంటి గిన్నె. చదునైన తల రాచుకుని గిన్నె కూడా అరిగింది. నువ్వు చెప్పిన కరకర అదే.

నాలుగో వరస. ఎడమ కాలు పన్నెండు మిల్లీమీటర్లు పొట్టిదయింది. తొడ కండ చిక్కిపోయింది.

అయిదో వరస. ‘టోటల్ హిప్ ఆర్థ్రోప్లాస్టీ’. మొత్తం కీలు తీసేసి లోహంతో చేసింది పెడతారు. నొప్పి చాలా వరకు పోతుంది. నడుస్తావు. కానీ నీకు ముప్ఫై ఎనిమిదే, ఆ కీలు జీవితాంతం రాకపోవచ్చు, మరోసారి మార్చాల్సి రావొచ్చు. రెండోసారి మొదటిదానంత బాగుండదు. కింద కూర్చోకూడదు. బరువులు మొయ్యకూడదు. నిచ్చెన ఎక్కకూడదని చివర విడిగా రాశారు. అంటే నువ్వు ఇన్నేళ్ళూ చేసిన పని ఇక చెయ్యలేవు. ఇది కూడా నేనే రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇంకేమీ లేదు. కాగితం వెనక కూడా చూశాను.

పరీక్ష పదిహేడు నుంచి. రాయడం లేదని ఆఫీసులో చెప్పేశాను. మెచ్చుకోమని కాదు, నీకు తెలియాలని రాస్తున్నాను. పద్నాలుగు సాయంత్రానికి మీ దగ్గర ఉంటాను.

అక్క


మూడో అంతస్తు
డిసెంబర్ 10

అక్కా,

నీ ఉత్తరం అందింది. కొత్త రిపోర్టు నీకు పంపడానికి రెండు రోజుల ముందే వ్యాయామాల డాక్టరమ్మని ఇంటికి పిలిచి, మొత్తం చదివించుకుని, ఆవిడ చేతే కాగితం మీద రాయించి పెట్టుకున్నాను. నిచ్చెన సంగతి నాకు అప్పుడే తెలుసు, ఆ రోజే ఏడ్చేశాను. బుర్రకెక్కలేదని నీకు రాసింది అబద్ధం. నేనూ నేర్చుకున్నాను.

నీ ఉత్తరం రాగానే ఆవిడ కాగితం పక్కన పెట్టి, పిచ్చుకా నేనూ వేలు పెట్టి వరస వరసా పోల్చి చూశాం. ఒక్క ముక్క తేడా లేదు. నువ్వు ఏదీ దాచలేదు. సంతోషం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదే అక్కా. అమ్మ పోయాక నాకు అమ్మవి నువ్వే, అలాంటిదానికి నేను పరీక్ష పెట్టి మార్కులు వేస్తున్నాను. ఇంతకంటే నువ్వు మళ్ళీ అబద్ధం రాసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని.

పరీక్ష రాయడం లేదన్నావు. జూలైలో ఒక్క ఉత్తరం రాసి ఉంటే నువ్వు పరీక్ష రాసుకునేదానివి, నేను గోడలకి రంగులు వేసుకునేదాన్ని.

పద్నాలుగున రా. బస్సు దిగి ఎవరినీ దారి అడగక్కర్లేదు, కింద వాటా ఆయన ఎదురొస్తాడు. పిచ్చుక నీతో మాట్లాడకపోతే విసుక్కోకు, మెల్లిగా చూద్దాం. నీ పక్క ముందు గదిలో వేశాను. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ నీకు ఏం చెప్పినా నాకు చెప్పు, వింటాను. విన్నాక డాక్టరమ్మని అడుగుతాను. నువ్వు నొచ్చుకుంటావని మానను.

నీ చెల్లెలు